ఫ్రేము వెనక స్టాంపు

ఫొటో మావ పోయిన సంగతి నాకు ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు తెలిసింది. విజయనగరం ఆఫీసులో రోజువారీ మీటింగులో ఉన్నాను. ఫోన్ చేసింది అత్త, అంటే ఆయన భార్య. "మీ మావ పోనాడు బాబూ. టీ అడిగాడు. పొయ్యి మీద ఎట్టి తెచ్చీసరికి లేడు" అంది. ఏడుపు లేదు. మధ్యాహ్నం మూడింటికి సమాధి ప్రార్థన అని చెప్పి, "రాగలవా?" అని అడిగింది. మిగతావాళ్లకు రమ్మనే చెప్పి ఉంటుంది. నన్ను రాగలవా అని అడిగింది. ఆ అడగడానికి కారణం ఉంది.

ఆయన నాకు రక్తసంబంధం ఉన్న మేనమామ కాదు. సాలూరు మెయిన్ రోడ్డులో ఆయన స్టూడియో కింద ఉండేది. పై గదిని మా పత్రిక విలేకరి ఆఫీసు కోసం అద్దెకు తీసుకుంది. అక్కడ నేను ఏడేళ్లు పనిచేశాను. ఆ రోడ్డు మొత్తానికీ ఆయన ఫొటో మావే. లారీ డ్రైవర్లకు, షావుకార్లకు, చర్చి వాళ్లకు, చివరికి ఆయనకంటే పెద్దవాళ్లకు కూడా. నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను అల్లుడూ అనేవాడు.

ఇది రాయడంలో ఒక పని ఉంది, దాన్ని ముందే చెప్పేస్తాను. నేను రాసిన ఒక వార్తలో ఆయన గురించి తప్పు వెళ్లింది. దాన్ని దిద్దమని ఆయన నన్ను మూడుసార్లు అడిగాడు. నేను దిద్దలేదు. చదివేవాళ్లు నన్ను మంచివాడని అనుకుని మొదలుపెట్టకూడదు కాబట్టి ఈ మాట ఇక్కడే రాస్తున్నాను.

స్టూడియో ఒక పక్క లారీలకు టార్పాలిన్లు కుట్టే షాపు, ఇంకో పక్క స్పేరు పార్టుల కొట్టు. వెడల్పు పదడుగులు. ముందు గదిలో కౌంటరు, వెనక ఒకప్పటి డార్క్‌రూము. నేను వెళ్లేనాటికి అందులో ట్రేలు, మందునీళ్లు లేవు. ఒక కంప్యూటరు, ఒక స్కానరు, పక్కన సిరా ట్యాంకులు ఉన్న ఒక ఇంక్‌జెట్ ప్రింటరు ఉండేవి. ఎర్ర బల్బు హోల్డరు మాత్రం గోడకి అలాగే ఉంచి, దానికి తెల్ల బల్బు పెట్టుకున్నాడు. లైసెన్సులకీ పర్మిట్లకీ డ్రైవర్లు తీయించుకునే చిన్న ఫొటోలతో షాపు నడిచేది. కానీ ఆయన తన పని అనుకున్నది వేరు. పాత నలుపు తెలుపు ఫొటోలను స్కాన్ చేసి, పెద్దవి చేసి, గోడకి పెట్టుకునేలా అచ్చు వేసి ఇవ్వడం.

ఉదయం షట్టరు ఎత్తగానే ప్రింటరు ఆన్ చేసి ఒక పరీక్ష కాగితం తీసేవాడు. దానిమీద సన్నటి గీతలు పడతాయి. సిరా వచ్చే రంధ్రాల్లో ఏదైనా పూడుకుపోతే అక్కడ గీత తెగుతుంది. ఆ కాగితాన్ని గుమ్మంలోకి తెచ్చి, మెడలో తాడుకు కట్టుకున్న చిన్న భూతద్దం పెట్టి చూసేవాడు. ఈ అలవాటు మీద అత్తకు ఎప్పుడూ ఒక ఎత్తిపొడుపు సిద్ధంగా ఉండేది. పెళ్లాం మొగం సూడకముందే ఆ గీతలు సూస్తాడు అనేది. ఆయన తల ఎత్తకుండానే, "నీకు బాగోలేకపోతే నువ్వు నోరు తెరిసి సెప్తావు. ఇది సెప్పదు కదే" అనేవాడు.

నేను సాలూరు వెళ్లిన మొదటి వారంలో ఆయన ఆ భూతద్దాన్ని మా పత్రిక మీద పెట్టాడు. మొదటి పేజీలో ఒక మంత్రి ఫొటో ఉంది. రమ్మని నాకూ చూపించాడు. కంటికి ఆనించి చూస్తే మంత్రి లేడు. పెద్దవీ చిన్నవీ చుక్కలు ఉన్నాయి. ఆయన నవ్వలేదు. పేపరుకి ఇది చాలన్నాడు. సాయంత్రానికి దానిలో బజ్జీలు కడతారు కాబట్టి చాలన్నాడు. గోడకెక్కే మొగానికి మాత్రం చాలదన్నాడు.

నాకు పని నేర్పాలని ఆయన అనుకోలేదు. నేనే అడిగాను. ప్రింటరు సెట్టింగుల్లో ఆ నంబర్లు ఏమిటి, 360, 720, 1440, 2880 అని ఎందుకు ఉన్నాయి, అన్నిటికంటే పెద్దది పెట్టేస్తే సరిపోదా అని. అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే నంబర్లు అని తప్ప ఆయన మాటలతో జవాబు చెప్పలేదు. ఒక ముసలాయన ఫొటోలో సగం మొహాన్ని ఒకే కాగితం మీద నాలుగుసార్లు, నాలుగు నంబర్లతో అచ్చు వేసి నా చేతిలో పెట్టాడు. ముందు జుట్టు చూశాను. నాలుగింటిలోనూ జుట్టు ఒక్కటే. కోటు ఒక్కటే. తేడా లేదన్నాను.

"నల్లగా ఉన్నకాడ సూస్తన్నావు" అన్నాడు. "నలుపుని ఎవుడైనా నింపుతాడు. తెలుపుకాడ సూడు."

బుగ్గ మీద వెలుగు పడ్డ చోటు చూశాను. 360లో అక్కడ నూకలు చల్లినట్టు ఉంది. 720లో నూకలు రవ్వ అయ్యాయి. 1440లో చర్మం అయింది. 2880 కూడా అలాగే ఉంది. ఎంత చూసినా 1440కీ దానికీ నాకు తేడా దొరకలేదు. నీకే కాదు, నాకూ దొరకదు అన్నాడు ఆయన. మెరుపు లేని మ్యాట్ కాగితం మీద అంత సన్నని చుక్క పడినా కాగితం కాస్త పీల్చుకుని కలిపేస్తుంది. ఎక్కువ సిరా, రెట్టింపు సమయం తప్ప వచ్చేది లేదు. అందుకే ఆయన మొహాలన్నీ 1440లోనే వేసేవాడు. 2880ని షావుకారి సోకు అనేవాడు.

ఆ నంబరు ఒక్కటే చాలదని తర్వాత తెలిసింది. ప్రింటరుకి ముందు కాగితం ఏ రకమో చెప్పాలి. మామూలు కాగితం అని వదిలేస్తే పై నంబర్లు తెరుచుకోవు. స్పీడు అనే టిక్కు తీసెయ్యాలి. అది ఉంటే ప్రింటరు తల వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ సిరా వేస్తుంది, రెండు వరసలూ వెంట్రుకవాసి తప్పినా మొహం మీద చారలు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, నల్ల సిరా ఒక్కటే వాడమని చెప్పాలి. చెప్పకపోతే ప్రింటరు నీలం, గులాబీ, పసుపు కలిపి బూడిదరంగు తయారుచేస్తుంది. అది చూడ్డానికి నునుపుగా ఉంటుంది. కానీ ట్యూబ్‌లైటు కింద పచ్చగా, ఎండలో ఎర్రగా కనిపిస్తుంది. ఆ రంగుల సిరాలు నల్ల సిరాలాంటివి కావు, వెలుగుకు తొందరగా పోతాయి. ఒక రంగు ముందు, ఒక రంగు వెనక పోతాయి. నల్ల సిరా ఒక్కదానితో వేస్తే తెల్లని చోట చుక్క కాస్త తెలుస్తుంది. అందుకే నంబరు పెంచాలి. ఈ రెండిటికీ ఉన్న సంబంధం ఆయన సొంతంగా కనుక్కున్నాడు. ఎన్ని కాగితాలు పాడుచేసి కనుక్కున్నాడో అత్తకు తెలుసు.

అచ్చు వేసిన ప్రతి ఫొటోనూ ఒక రోజు ఆరనిచ్చి, రోడ్డు మీదకు తెచ్చి చూసేవాడు. లారీలు హారన్ కొడుతుంటే, ధూళి లేస్తుంటే, మధ్యలో నిలబడి ఒక చనిపోయిన మనిషి మొహాన్ని ఎండకు పట్టి చూసేవాడు. తర్వాత లోపలికి తెచ్చి ట్యూబ్‌లైటు కింద చూసేవాడు. రెండు చోట్లా ఒకేలా ఉంటేనే ఇచ్చేవాడు.

ఒకసారి ఒక డ్రైవరు భార్య వచ్చింది. భర్త ఒడిశా ఘాటు రోడ్డులో లారీ బోల్తాపడి పోయాడు. ఆయనకున్న ఒకే ఫొటో పాత లైసెన్సు మీద ఉన్న గోరంత ఫొటో. దాని మీద ఆఫీసు సీలు సగం పడి, ఎడమ బుగ్గను కోసేస్తోంది. పెద్దది చేసి, ఆ సీలు తీసేసి ఇమ్మంది. మావ స్కానర్ నంబరు పెంచి చదివించాడు. స్కానర్ నంబరు వేరు, ప్రింటరు నంబరు వేరు. చిన్న ఫొటోను నాలుగు రెట్లు పెద్దది చెయ్యాలంటే స్కానరే దాన్ని నాలుగు రెట్లు వివరంగా చదవాలి. లేకపోతే ప్రింటరుకి ఎంత నంబరు పెట్టినా దాని దగ్గర వెయ్యడానికి ఏమీ ఉండదు. ఫొటో బాగానే వచ్చింది. సీలు మాత్రం ఆయన తియ్యలేదు.

ఆమె బతిమాలింది. కంప్యూటర్లో తీసెయ్యడం అయిదు నిమిషాల పని అని నాకు తెలుసు, నేనూ ఆ మాటే అన్నాను. ఆయన నాతో కాకుండా ఆమెతో మాట్లాడాడు.

"తీసీగలను తల్లీ. తీసీసి అక్కడ బుగ్గ గియ్యాల. అది నాను గీసిన బుగ్గ అవుతాది. నీ పెనిమిటిది కాదు. రోజూ లేసి నాను గీసిన బుగ్గని సూసుకుంటావా?"

ఆమె ఆ సీలుతోనే తీసుకెళ్లింది. ఆయన చేతిలోంచి వెళ్లే ప్రతిదీ ఎవరిదో వాళ్లదిగానే వెళ్లాలి. ఆయన నియమం అంతే. ఆ నియమం ఆయన విషయంలో ఎవరూ పాటించలేదు.

ఇప్పుడు ఆ వార్త సంగతి. సాలూరు చుట్టుపక్కల ఒక ఊళ్లో ఒక బాప్తిస్టు చర్చి ఉంది. పేరు రాయను. ఇప్పుడున్న కమిటీకి ఇందులో సంబంధం లేదు. మావ కుటుంబం తాతల నాటి నుంచి ఆ చర్చిదే. ఆ చర్చి వందేళ్ల పండగకు, తొలినాటి పాస్టర్లు, బడి పంతుళ్లు, మిషను నర్సులు, మొత్తం ముప్ఫై ఎనిమిది మంది ఫొటోలను ఒక గోడకు పెట్టాలని కమిటీ అనుకుంది. పని మావకు ఇచ్చారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి, పెట్టెల అడుగు నుంచి, బైబిళ్ల మధ్య నుంచి ఫొటోలు పోగుచేసి స్కాన్ చేశాడు. ముప్ఫై ఎనిమిది ఫ్రేములు ముందే తయారుచేయించాడు. ఫ్రేము వెనక అట్ట మీద, తన అలవాటు ప్రకారం, స్టూడియో రబ్బరు స్టాంపు వేశాడు.

ఆ ముప్ఫై ఎనిమిది మందిలో ఒకరు ఆయన తల్లి. కొండ ఊళ్లకు నడిచి వెళ్లి ఆడవాళ్లకు వాక్యమూ అక్షరాలూ చెప్పిన మనిషి. చర్చిలో ఆమెను బైబిలు స్త్రీ అనేవారట. తెల్ల చీర, తెల్లటి గోడ ముందు నిలబడి తీయించుకున్న ఫొటో. ఆయన అచ్చు వేసిన మొదటి ఫొటో అదే. తెలుపు మీద తెలుపు, అన్నిటికంటే కష్టమైనది, అది కుదిరితే మిగతావి కుదురుతాయి అన్నాడు. మూడు రోజులు పట్టింది. చీర అంచుకూ గోడకూ మధ్య ఒక సన్నని నీడ ఉంది. ఆ నీడ నిలిచేదాకా వేశాడు.

కమిటీకి మూడు రోజులకు ఒక ఫొటో లెక్క నచ్చలేదు. మిగతావి అంత ఆలస్యం కావని, అయినా రెండు నెలలు కావాలని ఆయన చెప్పాడు. కార్యదర్శి ఒక రిటైరైన హెడ్మాస్టరు. పండగ మనకోసం ఆగదు మావా అన్నాడు. విజయనగరంలో ఒక షాపు ఒక్క రోజులో అన్నీ వేసి ఇస్తుందని చెప్పి, స్కాన్లు పెన్‌డ్రైవులో ఎక్కించుకుని, ఫ్రేములు వ్యానులో వేయించుకుని వెళ్లాడు. అన్నీ ఒకేలా ఉండాలని తల్లి ఫొటో కూడా అక్కడే మళ్లీ వేయించారు. మావ గొడవ పడలేదు. ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసి కార్యదర్శి జేబులో పెట్టాడు. మ్యాట్ కాగితం. నలుపు ఒక్కటే. 1440. స్పీడు వద్దు. ఆ చీటీ ఆ షాపుదాకా వెళ్లలేదు. అచ్చు వేరే చోట వేయించిన సంగతి నాకు వార్త రాశాకే తెలిసింది.

పండగ బాగా జరిగింది. ఆ గోడ ముందు అందరూ ఫొటోలు దిగారు. ఏడాది తిరగకముందే గోడ మీది మనుషులు మారిపోయారు. కిటికీ దగ్గరున్నవాళ్లు ఊదారంగుకు, లోపలున్నవాళ్లు పాచిరంగుకు తిరిగారు. దగ్గరికి వెళ్తే మొహాల మీద ఇసుక. తొలి పాస్టరు మనవరాలు బయటి ఊరి నుంచి వచ్చి చూసి ఏడ్చిందని ఎవరో నాకు ఫోన్ చేశారు.

నేను వెళ్లాను. గోడ చూశాను. అయిదుగురితో మాట్లాడాను. ఒక ఫ్రేము దించి తిరగేశాను. వెనక స్టాంపు ఉంది. నేను రోజూ మెట్లెక్కేటప్పుడు చూసే పేరు. నాకు అది కావలసిన ఆధారం. కిందికి దిగి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. మరిచిపోయి కాదు. ఆయన నాకు మావ, ఆయన మొహం చూస్తే మెత్తబడతాను, మెత్తబడకూడదు అనుకున్నాను. మొహమాటం లేకుండా రాయడం విలేకరి ధర్మం అనుకున్నాను. తెలిసినవాడు కాబట్టి అడగకుండా రాశాను. తెలియనివాడైతే తప్పకుండా అడిగేవాణ్ని. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో నాకు అన్నిటికంటే సిగ్గు ఈ తప్పుకే.

వార్తలో పేరు రాయలేదు. "సాలూరులోని ఒక స్టూడియోలో ముద్రించిన ఈ చిత్రాలు" అని రాశాను. ఆ చర్చికి ఫొటోలు వేసే స్టూడియో సాలూరులో ఒక్కటే ఉందని చదివే ప్రతివాడికీ తెలుసు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు ఒకాయన ఒక మాట అన్నాడు. మావ వింటుండగానే అన్నాడు.

"సొంత తల్లికే రంగు ఆగనేదు, మనకేటి ఆగుతాది?"

కొందరు నవ్వారు. కార్యదర్శి అక్కడే ఉన్నాడు. ఆయన నవ్వలేదు, మాట్లాడనూ లేదు. ఇది నాకు తర్వాత అత్త చెప్పింది.

మావ మరునాడు మేడ ఎక్కి రాలేదు. నాలుగో రోజు నన్ను కిందికి పిలిచాడు. నువ్వే బాగుచేసుకో అని తల్లి ఫ్రేమును ఎవరో తెచ్చి కౌంటరు మీద పెట్టి వెళ్లారట. దాన్ని విప్పి ఫొటో బయటికి తీసి ఉంచాడు. పక్కన తాను వేసిన ఫొటో పెట్టాడు. మెడలోంచి భూతద్దం తీసి నా చేతికి ఇచ్చాడు.

"సీర మీద ఎట్టి సూడు అల్లుడూ. ఏటి అవుపిస్తన్నాది?"

చూశాను. నీలం చుక్కలు, గులాబీ చుక్కలు, వెలిసిన పసుపు. చారలు. చీరా గోడా ఒకటైపోయి ఉన్నాయి. మధ్యలో ఆ నీడ లేదు. తర్వాత రెండోది చూశాను. నల్ల చుక్కలు. అవి తప్ప ఇంకేమీ లేవు. నీడ ఉంది.

"నాను మొగానికి రంగు సుక్క ఎయ్యను" అన్నాడు. "అట్ట నాది. స్టాంపు నాది. లోపలున్నది నాది కాదు. రాస్తావా?"

రాస్తానన్నాను. రాసేముందు తనను ఎందుకు అడగలేదని ఆయన అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ రోజే ఆఫీసుకు నాలుగు వాక్యాల సవరణ పంపాను. డెస్కులో వాళ్లు, ఎవరి పేరూ రాయలేదు కదా, పేరే లేనప్పుడు సవరణ ఎవరికి అన్నారు. నేను ఒకసారి వాదించాను. రెండోసారి వాదించలేదు. బదిలీల కాలం. విజయనగరం డెస్కు నాకు కావాలి. కార్యదర్శి దగ్గరికి వెళ్లి, అచ్చు వేయించింది మీరే కదా, మీరైనా చర్చిలో ఒక మాట చెప్పండి అన్నాను. "ఫ్రేములు ఆయనవే కదా" అన్నాడు. అది నిజమే. నేను వార్తకు ఆధారం చేసుకున్నది కూడా అలాంటి నిజమే. లేచి వచ్చేశాను.

మావ రెండోసారి నెల తర్వాత అడిగాడు. మూడోసారి నాకు బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు, సామాను దించుతుంటే, గుమ్మంలో నిలబడి అడిగాడు.

"మరి అది రాదా?"

చూస్తాను మావా అన్నాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్లాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు. నేను సాలూరు వచ్చినప్పుడల్లా టీ తెప్పించేవాడు, నా పిల్లల చదువు అడిగేవాడు. అదొక్కటి అడిగేవాడు కాదు.

అప్పటి నుంచి చర్చి కుటుంబాల పెళ్లిళ్లు, బాప్తిస్మాలు వేరేవాళ్లకు వెళ్లాయి. చనిపోయినవాళ్ల ఫొటోలు కూడా. డ్రైవర్లు మాత్రం వచ్చేవారు, వాళ్లు మా పత్రిక చదివేవాళ్లు కాదు. ఆయన ఆ చర్చికి వెళ్లడం మానేశాడు. ఆదివారం తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, షట్టరు సగం ఎత్తి, లోపల కూర్చునేవాడట. ఎవరైనా అడిగితే సెలవు అనేవాడట. ఇంకొకటి మారింది. ఫ్రేము అట్ట మీద స్టాంపు వెయ్యడం మానేశాడు. ఫొటో ఆరాక, ఎండలో ఒకసారి, లైటు కింద ఒకసారి చూశాక, ఆ ఫొటో కాగితం వెనకే వేసేవాడు. నేను వేసిన దాని మీదే నా పేరు అనేవాడట.

మంగళవారం మూడింటికి నేను వెళ్లాను. టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. కార్యదర్శి, ఇప్పుడు మాజీ, లేచి మాట్లాడాడు. ఫొటో మావ గొప్ప కళాకారుడని, సంఘానికి ఎంతో సేవ చేశాడని, వందేళ్ల పండగకు ముప్ఫై ఎనిమిది ఫ్రేములు చేయించి ఇచ్చాడని అన్నాడు. ఫ్రేములు అనే అన్నాడు. ఆ మాట ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నాడో ఆ టెంటు కింద ఇద్దరికి తెలుసు, అత్తకూ నాకూ. మైకు నా దగ్గరికి కూడా వచ్చింది. నేను పక్క కుర్చీకి అందించాను.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ చర్చి గోడ మీద రంగు మారిన ముప్ఫై ఎనిమిది ఫొటోల్లో ఒక్కటి కూడా ఆయన అచ్చు వేసింది కాదు. రంగుల సిరాతో, తొందరగా, తక్కువ నంబరుతో వాటిని వేసింది వేరే షాపు. ఆయన చేసినవి స్కాన్లు, ఫ్రేములు. ఎలా వెయ్యాలో రాసి కూడా ఇచ్చాడు. నేను తప్పు రాశాను. నాలుగు వాక్యాలలో అప్పుడే అయిపోవాల్సిన పని ఇది. ఆయన బతికుండగా ఇది ఆయనకు పనికివచ్చేది.

రెండు వారాల తర్వాత జ్ఞాపకార్థ కూటం పెట్టారు. దానికి ముందు రోజు అత్త నన్ను పిలిచి ఆయన ఫొటో అచ్చు వెయ్యమంది. ఆ కంప్యూటరు ఎలా వాడాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనతో కూర్చున్నది నువ్వే కదా అంది. ఎన్నో ఏళ్ల కిందటి ఫొటో ఒకటి స్కాన్ చేసి ఉంది. తెల్ల చొక్కా, మెడలో భూతద్దం, వెనక డార్క్‌రూము గోడ. కార్యదర్శికి ఇచ్చిన చీటీకి నకలు ప్రింటరు పైన గోడకి అంటించి ఉంది. అదే నాలుగు ముక్కలు.

ముందు కాగితం రకం మార్చడం మరిచిపోయాను. నంబరు తెరుచుకోలేదు. వెనక్కి వెళ్లి మార్చాను. నలుపు ఒక్కటే. 1440. స్పీడు తీసేశాను. ప్రింటరు మెల్లగా మొదలుపెట్టింది. తల ఒక వైపు సిరా వేసుకుంటూ వెళ్లేది, ఖాళీగా తిరిగొచ్చేది, మళ్లీ వెళ్లేది. ఇరవై నిమిషాలకు పైగా అత్త నా పక్కన స్టూలు మీద కూర్చుని చూసింది. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది.

ఆరాక, మరునాడు ఉదయం, ఆవిడే దాన్ని రోడ్డు మీదకు తీసుకెళ్లింది. ఒక లారీ ఆగి దారి ఇచ్చింది. ఎండలో చూసి, లోపలికి తెచ్చి, ఆయన భూతద్దం చొక్కా మీద పెట్టి వంగి చాలాసేపు చూసింది.

"నలుపే బాబూ. రంగు సుక్క నేదు."

నేను సొరుగులోంచి రబ్బరు స్టాంపు, ప్యాడు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ ఫొటోను తిరగేసింది. తెల్లగా ఉన్న వెనక వైపును అరచేత్తో ఒకసారి తుడిచింది. స్టాంపు చేతిలోకి తీసుకుంది. దాని మీద ఆయన పేరు తిరగబడి ఉంది.

"ఇది ఆయన ఏసింది కాదు కదా" అంది.

స్టాంపునూ ప్యాడునూ సొరుగులో పెట్టి మూసేసింది. ఫొటోను వెనక ఏమీ లేకుండా, అలాగే తెల్లగా, ఫ్రేములో బిగించింది.